ఒక మగ్గు డెట్టాల్ నీళ్లతో రేజర్ శుభ్రమవుతుందా?

తాతయ్య పక్షవాతంతో మంచం పట్టాక, వారానికి రెండుసార్లు ఆయనకు గడ్డం గీసే పని నాకు వచ్చింది. మాది కావలి. బాత్‌రూమ్ అద్దం కింద ప్లాస్టిక్ గ్లాసులో ఒకటే రేజర్ ఉండేది. నాన్న దానితోనే గీసుకునేవారు, నేనూ దానితోనే, తాతయ్యకూ దానితోనే. గీసే ముందు మగ్గు నీళ్లలో రెండు మూతలు డెట్టాల్ పోసి, రేజర్ ఒకసారి ముంచి తీసేవాణ్ణి. అంతకన్నా జాగ్రత్త ఏముంటుంది అనుకునేవాణ్ణి. ఒక ఎండాకాలంలో తాతయ్య దవడ కింద చిన్న ఎర్రపొక్కు లేచింది. నాలుగు రోజుల్లో అది చీముగడ్డ అయింది. ఆయనకు షుగర్ ఉంది, మానడానికి దాదాపు నెల పట్టింది. డాక్టరుగారు గడ్డ చూసి అడిగిన మొదటి మాట ఇది: "ఈయనకు గడ్డం గీసే రేజర్ ఇంకెవరైనా వాడతారా?"

ఆ గడ్డ రేజర్ వల్లే వచ్చిందని ఆయన తేల్చి చెప్పలేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పటి నుంచి ఈ విషయం చదువుతూ, తెలిసినవాళ్లను అడుగుతూ వచ్చాను. "రేజర్ శుభ్రంగా ఉంది" అనే ఒక్క మాటలో నాలుగు సంగతులు కలిసిపోయాయని మెల్లగా అర్థమైంది. మురికి పోవడం వేరు. క్రిములు చావడం వేరు. తుప్పు పట్టకుండా ఉండటం వేరు. ఒకరి రక్తం ఇంకొకరికి తగలకుండా చూడటం పూర్తిగా వేరు. ఒకదానికి పనికొచ్చే చిట్కా ఇంకోదానికి పనికిరాదు. కొన్నిసార్లు దాన్ని చెడగొడుతుంది కూడా.

ముందుగా రేజర్ మన చర్మాన్ని ఏం చేస్తుందో చూద్దాం. బ్లేడు వెంట్రుకను మాత్రమే కోస్తుందని అనుకుంటాం. నిజానికి వెంట్రుకతో పాటు చర్మం పైపొరను కూడా కొద్దిగా గీకేస్తుంది, కంటికి కనిపించనంత సన్నటి గాట్లు పెడుతుంది. గీసుకున్న వెంటనే లోషన్ రాస్తే చురుక్కుమనేది అందుకే. ఆపరేషన్‌కు ముందు రోగి ఒంటి మీద వెంట్రుకలను రేజర్‌తో గీయవద్దని, తప్పదనుకుంటే క్లిప్పర్‌తో కత్తిరించమని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెప్పడానికి కారణం కూడా ఈ గాట్లే. వాటిలో బ్యాక్టీరియా చేరితే ఆపరేషన్ గాయం చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. చీముగడ్డలకు ఎక్కువగా కారణమయ్యే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఎక్కడి నుంచో రానక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్న పదిమందిలో దాదాపు ముగ్గురి ముక్కులో అది ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటూనే ఉంటుంది. మన ఒంటి మీది క్రిములతో మన ఒంటికి కొంత అలవాటు ఉంటుంది. అదే రేజర్ ఇంకొకరి తాజా గాట్ల మీద, అందులోనూ షుగర్ ఉన్న పెద్దాయన చర్మం మీద నడిస్తే పరిస్థితి వేరు.

ఇక మురికి. గీసుకున్న తర్వాత బ్లేడుల సందులో మిగిలేది సబ్బు, వెంట్రుక ముక్కలు, రాలిన చర్మం, ఒక్కోసారి కంటికి ఆనని రక్తం కలిసిన ముద్ద. మన వైపు బోరు నీళ్లు దానికి ఇంకొకటి జోడిస్తాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా ఊళ్లలో వాడుకకు ఒక నీళ్లు, తాగడానికి ఒక నీళ్లు. వాడుక నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి చారలు కడతాయి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని జిడ్డు పొరగా మారతాయి. రేజర్ మీద పేరుకునే తెల్లటి గరుకు పొర ఇదే. కనిగిరి వైపు మా బంధువు ఒకరు ఇది ఫ్లోరైడ్ పొర అనేవారు. ఫ్లోరైడ్ పళ్లకూ ఎముకలకూ చేసే హాని నిజమే, ఆ ప్రాంతం దశాబ్దాలుగా దానితో బాధపడుతోంది. కానీ రేజర్ మీది తెల్ల పొర మాత్రం నీటి కఠినత్వం వల్ల వచ్చేది.

ఈ ముద్ద ఉండగా ఎంత మంచి మందు వాడినా క్రిముల దాకా చేరదు. అందుకే ఆసుపత్రుల్లో కూడా పరికరాలను ముందు కడుగుతారు, ఆ తర్వాతే క్రిమిసంహారం చేస్తారు. ఈ వరస తిరగబడితే చేసిందంతా వృథా. నేను తాతయ్యకు చేసింది అచ్చంగా అదే, కడగని రేజర్‌ను డెట్టాల్‌లో ముంచడం.

కడగడం ఎలా అనేది రేజర్‌ను బట్టి ఉంటుంది. పిడి తిప్పితే మూడు ముక్కలుగా విడిపోయే పాత షేవింగ్ సెట్టు రేజర్ అయితే పని సులువు. బ్లేడు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, మిగతా ముక్కలను గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. తెల్ల పొర కట్టి ఉంటే వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి పది, పదిహేను నిమిషాలు నాననిచ్చి మళ్లీ రుద్దితే ఊడిపోతుంది. నిమ్మరసం కూడా పనిచేస్తుంది. రాత్రంతా మాత్రం నానబెట్టకూడదు, ఆ రేజర్లలో చాలా వాటికి పైన మెరిసేది పలుచటి పూత మాత్రమే, పులుపుకు అది లేచిపోతుంది. వెనిగర్ పని పొర తీయడం వరకే, దాన్ని క్రిములు చంపే మందుగా లెక్కపెట్టుకోవద్దు.

రెండు మూడు బ్లేడ్లు అతికించి వచ్చే కార్ట్రిడ్జ్ రేజర్లు, వాడి పారేసే రేజర్లు విప్పడానికి రావు. వాటిని వెనక వైపు నుంచి కొళాయి ధార పడేట్టు పట్టుకుంటే ఇరుక్కున్న వెంట్రుకలు ముందుకు వచ్చేస్తాయి. చాలామంది సింకు అంచుకేసి టకటకా కొడతారు. పదును అక్కడే పాడవుతుంది. తువ్వాలుతో తుడవడం కూడా అంతే, పైగా తువ్వాలులో ఉన్నదంతా బ్లేడుకు అంటుతుంది. బ్లేడు అంచు చాలా సున్నితమైనది. వెంట్రుక కన్నా దాదాపు 50 రెట్లు గట్టిదైన ఉక్కు కూడా గీసేటప్పుడు వెంట్రుక దగ్గర సన్నగా పెచ్చులూడుతుందని 2020లో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు మైక్రోస్కోప్ కింద గీసి మరీ చూపించారు. వెంట్రుకకే పెచ్చులూడే అంచు సింకు దెబ్బకు ఏం నిలుస్తుంది?

ఇప్పుడు డెట్టాల్ సంగతి. అందులో పనిచేసే మందు క్లోరోజైలినాల్, సీసాలో 4.8 శాతం ఉంటుంది. నీళ్లలో పోయగానే పాలలా తెల్లగా మారుతుంది కదా, ఆ తెలుపు చూసి మందు పనిచేస్తోందని మనకు ధైర్యం వస్తుంది. కానీ అందులోని నూనెలు నీళ్లలో కరగక సన్నటి చుక్కలుగా విడిపోవడం వల్ల వచ్చే రంగు అది. క్రిములు చచ్చాయో లేదో ఆ రంగు చెప్పదు. డెట్టాల్ చాలా రకాల బ్యాక్టీరియాను చంపుతుంది, నిజమే. కానీ దానికి సరైన పాళ్లు కావాలి, కొన్ని నిమిషాల సమయం కావాలి. ముంచి తీసేంత సేపు చాలదు. ఇంకో ముఖ్యమైన సంగతి, కలిపిన నీళ్లు ఏ రోజుకారోజు పారబోయాలి. పలచగా కలిపి రోజుల తరబడి ఉంచిన యాంటీసెప్టిక్ నీళ్లలో సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా బతకగలదు, పెరగగలదు కూడా. కొన్ని సెలూన్లలో అద్దం ముందు సీసాలో నాలుగు రోజుల కిందటి నీళ్లలో దువ్వెనలు, కత్తెరలు నానుతూ కనిపిస్తే నాకు ఇప్పుడు గుర్తొచ్చేది అదే.

ఇంట్లో రేజర్‌కు నాకు అన్నిటికన్నా నమ్మకంగా అనిపించింది మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. స్పిరిట్ అని అడిగితే ఇస్తారు, సీసా మీద శాతం మాత్రం చదివి తీసుకోవాలి. ఇక్కడ అందరికీ ఒక సందేహం వస్తుంది: 70 ఉండగా 99 శాతం దొరికితే అది ఇంకా మంచిది కదా? కాదు. ఆల్కహాల్ క్రిమిని చంపేది దాని ప్రోటీన్లను చెడగొట్టడం వల్ల. ఆ పనికి కాసిన్ని నీళ్లు ఉండాలి. నీళ్లు లేని ఆల్కహాల్ క్రిమి పైపొరను చప్పున గట్టిపరుస్తుంది, లోపలికి సరిగా దిగదు. పైగా పని పూర్తయ్యేలోపే ఆవిరైపోతుంది. 99 శాతం సీసా ఇంట్లో ఉంటే ఏడు పాళ్లు అది, మూడు పాళ్లు నీళ్లు కలుపుకుంటే సరిపోతుంది.

కడిగి, నీళ్లు విదిలించి, కాస్త ఆరిన రేజర్ తలను చిన్న గాజు గ్లాసులో స్పిరిట్ పోసి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి తీసి, గాలికి ఆరనివ్వాలి. నీళ్లు కారే రేజర్ ముంచితే స్పిరిట్ పలచబడుతుంది, ఆ చిన్న తేడా కూడా లెక్కే. వాడిన స్పిరిట్ తిరిగి సీసాలో పోయకూడదు. పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర ఈ పని అసలు పెట్టుకోవద్దు, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. కోవిడ్ రోజుల్లో కొన్న శానిటైజర్ ఇంకా చాలా ఇళ్లలో ఉంది. జెల్ రకం రేజర్ సందుల్లో జిగటగా మిగిలిపోతుంది, గడువు దాటినది అయితే శాతం తగ్గిపోయి ఉండొచ్చు. దాన్ని ఇందుకు వాడకపోవడమే మేలు.

మరుగుతున్న నీళ్లలో వేయడం మా నాయనమ్మ పద్ధతి. పూర్తి ఇనుప రేజర్ అయితే, బ్లేడు తీసేసి, ఇరవై నిమిషాలు మరిగిస్తే మంచి పద్ధతే. ధనుర్వాతం లాంటి వ్యాధుల బీజకణాలు, అంటే గట్టి పెంకులో నిద్రాణంగా ఉండే క్రిములు, మరుగుకు కూడా చావవు కానీ, మిగతా బ్యాక్టీరియా, వైరస్‌లు నిలవవు. గీజర్ నీళ్లు, కెటిల్ నీళ్లు పైన పోయడం మాత్రం దీని కిందికి రాదు, ఆ వేడి క్షణాల్లో దిగిపోతుంది. ప్లాస్టిక్ రేజర్లకు ఈ పద్ధతి పనికిరాదు, తల వంకర పోతుంది.

బ్లీచింగ్ పౌడర్, ఇంట్లో బాత్‌రూమ్ కడిగే బ్లీచ్ రేజర్ దగ్గరికి తేవద్దు. క్రిములను చంపుతాయి, దానితో పాటు ఉక్కును కూడా తింటాయి. బాత్‌రూమ్ యాసిడ్‌తో బ్లీచ్ కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదం, ఆ రెండూ ఎప్పుడూ ఒకచోట కలపకూడదు.

ఇంత చెప్పాక ఎవరైనా రోజూ ఇదంతా చేయాలా అని టెన్షన్ పడతారు. అక్కర్లేదు. రేజర్ మీ ఒక్కరిదే అయితే, ముఖం మీద పొక్కులూ గాయాలూ లేకపోతే, ప్రతిసారీ బాగా కడిగి ఆరబెట్టడమే అసలు పని. వారానికి ఒకసారి స్పిరిట్ పెడితే చాలు. తెగి రక్తం వచ్చినా, పొక్కుల మీదుగా గీసినా ఆ రోజు తప్పకుండా పెట్టాలి. చీముపొక్కులు, తామర, పులిపిర్లు ముఖం మీద ఉంటే శుభ్రం చేసే సంగతి తర్వాత, అవి తగ్గేదాకా ఆ చోట గీయడమే ఆపాలి. పులిపిరి మీదుగా బ్లేడు నడిస్తే దాని వైరస్ పక్క చర్మానికి అంటుకుంటుంది, గడ్డం పొడవునా వరసగా పులిపిర్లు లేచేది అలాగే.

ఆరబెట్టడం గురించి చాలామంది పట్టించుకోరు. తడిగా ఉన్న రేజర్ రెండు విధాలా చెడుతుంది: క్రిములు పెరుగుతాయి, తుప్పూ పడుతుంది. మన బ్లేడ్లు స్టెయిన్‌లెస్ అనే అంటారు. వాటిలో ఉండే క్రోమియం గాలితో కలిసి పైన కంటికి కనపడని కవచం కడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ కవచాన్ని అక్కడక్కడా తూట్లు పొడుస్తుంది. తుమ్మలపెంట సముద్రం మాకు ఎంతో దూరం లేదు. కిటికీ ఊచలు, సైకిల్ చైన్లు మా దగ్గర ఎంత త్వరగా ఎర్రబడతాయో అందరికీ తెలుసు. దానికి తోడు ఉప్పు బోరు నీళ్లు. ఇస్కపల్లి, కనపర్తి వైపు ఉప్పు కొటార్ల దగ్గరి ఇళ్లలో అయితే చెప్పనక్కరలేదు. అందుకే మా ఇంట్లో చివరి కడుగు ఒక గ్లాసు మంచినీళ్లతో. అంటే తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లే. తర్వాత గట్టిగా నాలుగుసార్లు విదిలించి, తల పైకి ఉండేట్టు నిలబెట్టి, బాత్‌రూమ్ బయట గాలి తగిలే గూట్లో పెడతాం. ప్లాస్టిక్ గ్లాసు తీసేశాం, అడుగున నిలిచే నీళ్లలోనే రేజర్ నానుతూ ఉండేది. వారం పది రోజులు వాడని బ్లేడుకు ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే తడి తగలదు.

తుప్పు అనగానే ధనుర్వాతం గుర్తొస్తుంది. ఈ ముడి కూడా విప్పాలి. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. దాని క్రిమి బీజకణాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. మట్టిలో పడి ఉన్న తుప్పు మేకు గుచ్చుకుంటే వచ్చే ప్రమాదాన్ని మనం తుప్పుకు అంటగట్టాం. ఇంట్లో తుప్పు పట్టిన బ్లేడుతో అసలు ఇబ్బంది వేరే ఉంది, గరుకైన అంచు చర్మాన్ని కోయకుండా చించుతుంది, ఆ చినుగు మామూలు చీము బ్యాక్టీరియాకు దారి. తుప్పు కనిపిస్తే బ్లేడు మార్చాలి, అది కడిగితే పోయేది కాదు. ధనుర్వాతం టీకా మాత్రం పదేళ్లకొకసారి వేయించుకోవడం రేజర్‌తో పని లేకుండా అందరికీ మంచిది. ఇప్పుడు పిల్లలకు పదేళ్లకూ, పదహారేళ్లకూ వేసేది టీడీ టీకా, అందులో డిఫ్తీరియాకు కూడా రక్షణ ఉంటుంది. బ్లేడు తుప్పు పట్టేదాకా ఆగడం కూడా అనవసరం. ఐదు నుంచి ఏడుసార్లు గీశాక మార్చమని అమెరికా చర్మవైద్యుల అకాడమీ సలహా. మన గడ్డాలకూ ఆ లెక్క బాగానే సరిపోతుందని నా అనుభవం.

నాలుగో సంగతి దగ్గర నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. ఎందుకంటే ఇందులో శుభ్రం చేయడం మనల్ని కాపాడుతుందన్న నమ్మకమే ప్రమాదం. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. హెపటైటిస్ సి కూడా రోజుల తరబడి ఉండగలదు. ఈ రెండూ ఉన్నవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు, తమకు ఉన్నట్టే తెలియదు. మన ఇళ్లలో కామెర్లు అనగానే నీళ్ల వల్ల వచ్చే జబ్బు అనుకుంటాం. హెపటైటిస్ ఎ, ఇ అలా వస్తాయి. బి, సి రక్తం ద్వారా వస్తాయి, కాలేయాన్ని నెమ్మదిగా పాడుచేస్తాయి. హెచ్ఐవీ ఒంటి బయట త్వరగా చచ్చిపోతుంది, రేజర్ ద్వారా రావడం చాలా అరుదు. జనం భయపడేది మాత్రం దాని గురించే, బి గురించి ఎవరూ మాట్లాడరు. స్పిరిట్ ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, కానీ కార్ట్రిడ్జ్ సందులో ఇరుక్కున్న రక్తపు పెచ్చు దాకా చేరిందని ఇంట్లో మనం చెప్పలేం. అందుకే అన్నదమ్ములైనా, భార్యాభర్తలైనా, తండ్రీకొడుకులైనా ఎవరి రేజర్ వాళ్లది. హెపటైటిస్ బికి టీకా ఉంది, పిల్లలకు పుట్టిన 24 గంటల్లోపే మొదటి డోసు వేస్తారు. పెద్దవాళ్లు మూడు డోసులు ఆరు నెలల్లో వేయించుకోవచ్చు. హెపటైటిస్ సికి టీకా లేదు, కానీ మాత్రలతో చాలామందికి పూర్తిగా నయమవుతుంది, పరీక్ష చేయించుకుంటేనే.

ఇదే కారణంతో సెలూన్‌లో కొత్త బ్లేడు వేశారా అని అడగడం మంచి అలవాటు. కానీ అక్కడితో ఆగకూడదు. బ్లేడును సగానికి విరిచి బిగించే కత్తికి, ఆ బ్లేడు కూర్చునే గాడిలో కూడా రక్తం చేరుతుంది. కొత్త బ్లేడు వేసే ముందు ఆ గాడిని స్పిరిట్‌తో తుడవమని అడగొచ్చు. మా వీధి సెలూన్ అన్న మొదట ఆశ్చర్యపోయాడు, ఇప్పుడు అడగకుండానే చేస్తున్నాడు. పటిక గడ్డ ఇంకొకటి. పటిక చిన్న గాట్ల దగ్గర రక్తాన్ని ఆపుతుంది, చర్మాన్ని బిగిస్తుంది. కానీ ఒకరి రక్తం కారుతున్న చోట రుద్దిన గడ్డనే తర్వాతి మనిషికీ రుద్దితే, కొత్త బ్లేడు వేసి ఏం లాభం? పది రూపాయల పటిక ముక్క ఇంటి నుంచి తీసుకెళ్లండి. నీలిరంగు లైటు వెలిగే పెట్టెలు చూసి కూడా నమ్మకం పెట్టుకోవద్దు. అతినీలలోహిత కాంతి నేరుగా పడిన వైపు మాత్రమే పనిచేస్తుంది, కత్తెర కింద వైపుకూ, గాడి లోపలికీ చేరదు.

పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి పెంచలకోనకో, శనివారం మాలకొండకో వెళ్లేవాళ్లు కొత్త బ్లేడ్ల ప్యాకెట్ ఒకటి, చిన్న స్పిరిట్ సీసా, దూది సంచిలో పెట్టుకోండి. జనం ఎక్కువున్న రోజు కత్తి ఒక తల నుంచి ఇంకో తలకు చకచకా మారుతుంది. ఏడ్చే పసిబిడ్డ తల కదులుతుంది, గాట్లు పడతాయి. తిరుమల కల్యాణకట్టలో భక్తుడికి కొత్త బ్లేడు ఇచ్చే పద్ధతి ఈ ఆలోచనతో వచ్చిందే.

ఆడవాళ్ల రేజర్ల గురించి ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. కాళ్లకు, చంకలకు, కనుబొమలకు వాడేవి దాచి పెట్టుకోవడం వల్ల అవి ఎక్కువగా మూసిన డబ్బాలో, తడిగానే ఉంటాయి. నెల్లూరు హాస్టల్‌లో చదివిన మా చెల్లెలు చెప్పింది, గదిలో నలుగురికి ఒకే రేజర్ ఉండేదట, అడగడానికి మొహమాటం. ముగ్గురికి వరసగా చంకల్లో కురుపులు లేచాయి. కారణం ఇదేనని ఎవరూ అనుకోలేదు. సిగ్గుపడే విషయం కాదు ఇది. మూత లేని చోట, పేరు రాసిన కవర్ మీద ఆరబెట్టుకుంటే చాలు.

ట్రిమ్మర్ గురించి రెండు మాటలు. ప్లగ్ తీసి, తల ఊడదీసి, బ్రష్‌తో వెంట్రుకలు దులిపి, స్పిరిట్ తడిపిన దూదితో పళ్లు తుడిచి, ఆరాక ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయాలి. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, ట్రిమ్మర్‌కు వద్దు. నీళ్లలో కడగొచ్చో లేదో దాని పెట్టె మీద రాసి ఉంటుంది.

తాతయ్యకు ఇప్పుడు వేరే రేజర్ ఉంది, పిడికి ఎర్ర దారం కట్టాం. వేడి నీళ్లలో తడిపిన గుడ్డ రెండు నిమిషాలు గడ్డం మీద వేసి, నురగ పట్టించి, వెంట్రుక మొలిచిన వైపుకే గీస్తాను. గీయడం అయ్యాక నా చేతులు సబ్బుతో కడుక్కుంటాను, ముందు కూడా. ఆ గడ్డ తర్వాత మళ్లీ లేవలేదు.

పాత బ్లేడ్లు మునుపు కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసేవాళ్లం. చెత్త చేత్తో వేరు చేసే మున్సిపాలిటీ మనిషికి ఆ కాగితం ఆగుతుందా? ఇప్పుడు పాత పౌడర్ డబ్బా మూతకు సన్నటి చీలిక పెట్టి అందులోకి జారవిడుస్తున్నాం. నిండాక మూత చుట్టూ టేపు వేసి, పైన "బ్లేడ్లు" అని పెద్ద అక్షరాలతో రాసి, పొద్దున బండి వచ్చినప్పుడు బుట్టలో వేయకుండా చేతికే ఇచ్చి చెబుతున్నాం, "అన్నా, ఇందులో బ్లేడ్లు ఉన్నాయి, తెరవద్దు" అని.